మడుగు కింద చెవి

ఆ రోజు పెద్దాయన బల్ల మీద ఫైళ్ళు లేవు. ఒక తెడ్డు ఉంది.

రెండు కొసలకీ నల్లటి రేకులున్న కయాక్ తెడ్డు. బల్ల కంటే పొడుగు. ఒక కొస టెలిఫోన్ మీదుగా పోయి గోడకి ఆనింది. రెండో కొస, తలుపు తీసుకుని లోపలికొస్తున్న ఏజెంట్ నత్త పొట్టలో గుచ్చుకోబోయింది.

"బాబాయి పోయాడు," అన్నాడు పెద్దాయన, కూర్చోమని కూడా అనకుండా.

డిపార్ట్‌మెంట్‌లో పిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. కొత్తగా చేరిన ప్రతి ఏజెంట్‌నీ నీళ్ళలో ముంచి తేల్చి మనిషిని చేసింది ఆయనే. బకెట్లో నీళ్ళు చూసినా రెండడుగులు వెనక్కి వేసే నత్తని మెడ పట్టుకుని కయాక్‌లో కూలేసిందీ ఆయనే.

నత్త అసలు పేరు ఒక ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఉన్న బీరువా తాళం పెద్దాయన బొడ్లో ఉంది. ఏ పనికైనా తాపీగా బయల్దేరతాడని, చప్పుడు చెయ్యడని, ఎవరో ఆ ముద్దుపేరు పెట్టారు. నత్త వెళ్ళిన దారంతా మెరిసే గీత పడుతుందన్న సంగతి ఆ పేరు పెట్టినవాడికి తోచినట్టు లేదు.

"ఎలా పోయాడు సార్?"

"అడవి మధ్య ఉప్పు మడుగులో. కయాక్ బోల్తా కొట్టింది. తలకిందులుగా దొరికాడు. ప్రమాదం అని రాసి చేతులు దులుపుకున్నారు."

"బాబాయి మునిగిపోవడమా? చేప మునిగిందంటే నమ్ముతాను."

"స్కర్ట్ పట్టీ లోపలికి మడిచి ఉంది," అన్నాడు పెద్దాయన మెల్లగా.

కయాక్‌లో కూర్చునే గుంతలోకి నీళ్ళు రాకుండా నడుము చుట్టూ ఒక రబ్బరు గుడ్డ బిగిస్తారు. అదే స్కర్ట్. దాని ముందు అంచున చిన్న పట్టీ ఉంటుంది. పడవ తిరగబడితే ఆ పట్టీ పట్టుకుని లాగాలి. గుడ్డ ఊడుతుంది, మనిషి బయటికొస్తాడు. పట్టీ లోపలుండిపోయిందా, ఇక అది పడవ కాదు, పెట్టె. అందుకే బాబాయి నడవాలో ఎదురైనా, లిఫ్ట్‌లో ఎదురైనా "బాగున్నావా" అనేవాడు కాదు. "పట్టీ బయటుందా?" అని పలకరించేవాడు. అలాంటి మనిషి తన పట్టీ లోపల పెట్టుకున్నాడంటే ఎవరు నమ్ముతారు?

నత్త తెడ్డు చేతిలోకి తీసుకున్నాడు. ఒక రేకు బల్ల మీద చదునుగా పడుకుంటే రెండోది నిటారుగా నిలబడింది.

"ఇది బాబాయిది కాదు సార్."

"శవం పక్కన తేలుతూ దొరికింది."

"కావచ్చు. కానీ చూడండి, మధ్యలో ఈ బొత్తాం నొక్కి రేకుల్ని ఒకే వరసలో పెట్టుకోవచ్చు, ఇలా అడ్డదిడ్డంగానూ తిప్పుకోవచ్చు. సముద్రం మీద గాలి కొడుతుంది కాబట్టి పైకి లేచిన రేకు గాలిని కోసుకుపోయేలా తిప్పి పెడతారు. అప్పుడు తెడ్డు వేసిన ప్రతిసారీ మణికట్టు మడవాలి. అడవి మధ్య మడుగులో గాలేది? అక్కడ ఎవరూ తిప్పరు. బాబాయి జన్మలో తిప్పలేదు." నత్త తెడ్డుని గాల్లో ఆడించి చూశాడు. "పైగా ఇది ఎడమ మణికట్టు మడిచేవాళ్ళకి తిప్పిన తెడ్డు. అలాంటివాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరు. చంపినవాడు కంగారులో తన తెడ్డు వదిలి బాబాయిది పట్టుకెళ్ళాడు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మెచ్చుకోలు అంటే ఆయన దగ్గర అంతవరకే.

"ఇప్పుడు విను. ఆ మడుగు సముద్రంలో కలిసే మూతి దగ్గర, అడుగున, మన మిషన్ ఒకటుంది. 'చెవి' అంటాం. అది మేలుకుంటే ఆ తీరం వెంట ఏ సబ్‌మెరైన్ కదిలినా మనకి వినపడుతుంది. 'వలయం' ముఠా వాళ్ళ సబ్‌మెరైన్ ఒకటి ఈ వారంలోనే, పోటు నీళ్ళ మీద, అటుగా దొంగచాటుగా రావాలని చూస్తోంది. దాన్నిండా మనుషులూ ఆయుధాలూ. ఈలోగా చెవిని మేలుకొలపాలి. మేలుకొలపడం తెలిసిన ఇంజనీరు ఒక్కరే ఉన్నారు."

"ఆ ఇంజనీరుని చంపితే సరిపోతుంది వాళ్ళకి."

"అవును. అచ్చం బాబాయిని చంపినట్టే, ప్రమాదంలా. మోటారు బోటు చప్పుడుకి చెవి చెడిపోతుంది, కాబట్టి అక్కడికి కయాక్‌లోనే వెళ్ళాలి. పటాలాన్ని వెంట పంపలేను. ఆ ఇంజనీరు నీకు తెలిసినావిడే."

నత్త తెడ్డు కింద పెట్టాడు. "మా అక్కా?"

"మామూలుగా అయితే సొంత మనుషుల పనికి సొంత మనుషుల్ని పంపను. కానీ తమ్ముడు వెంట వస్తే ఎవరికీ అనుమానం రాదు. బాబాయి కోడ్ మాట తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరే ఉన్నారు. ఆ మాట చెప్పకుండా ఆయన ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. ఒకరు నెమలి. అక్కడి లాడ్జిలో కయాక్ ట్రైనర్. వలయం తన మనిషి అనుకుంటుంది, మనం మన మనిషి అనుకుంటున్నాం. రెండో ఆయన కెప్టెన్, మీ అక్క సెక్యూరిటీ చూస్తాడు. ముప్పయ్యేళ్ళు సముద్రం మీద చేసి రిటైరయ్యాడు. ఈ ఆటబొమ్మలు ఎక్కనంటాడు. ఇద్దరిలో ఎవరు?"

"కనుక్కుంటాను."

"పట్టీ బయట పెట్టుకో," అన్నాడు పెద్దాయన.

ల్యాబ్‌లో మత్తు సూది విసిరే పెన్ను ఒకటీ, ఉప్పు నీళ్ళకి తుప్పు పట్టని బేడీలూ ఇచ్చారు. పెన్ను మాత్రం తడవకూడదట. మడుగు మీదికి వెళ్ళేవాడికి తడవకూడని పెన్ను ఇచ్చినవాడి బుర్రని మెచ్చుకుంటూ నత్త బయల్దేరాడు.

*

"నా వెనకాల తోకలా ఎందుకురా వస్తావ్?" అంది అక్క కారులో.

"ఫ్రీగా లాడ్జి, ఫ్రీగా భోజనం. నా ట్రావెల్ కంపెనీ వాళ్ళు నాకెప్పుడైనా ఇంత మర్యాద చేశారా?"

తమ్ముడు ఏదో ట్రావెల్ కంపెనీలో టికెట్లు రాస్తాడనే అక్క ఇన్నేళ్ళుగా అనుకుంటోంది. ఊరికే ఊళ్ళు తిరుగుతాడు, పెళ్ళీ పెటాకులూ లేవు, ప్రమోషన్ అన్న మాట ఎరగడు. ఆవిడ బాధ ఆవిడది.

"చిన్నప్పటి నుంచీ నువ్వు పనికొచ్చింది ఒక్కదానికేరా. గోడకి కాపలా."

నత్త నవ్వాడు. అక్క లెక్కల పుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదువుకునేది. తమ్ముడు వరండాలో కూర్చుని, నాన్న సైకిలు కనపడగానే గోడ మీద వేలి కణుపులతో కొట్టేవాడు. గబగబా రెండు, ఆగి ఒకటి. నాన్న గుమ్మంలోకి వచ్చేసరికి అక్క సున్నాలు చుడుతూ ఉండేది.

దారి మలుపు తిరిగింది, మడుగు కనపడింది. సముద్రం నుంచి చీలి అడవిలోకి చొచ్చుకొచ్చిన ఉప్పు నీళ్ళు. చుట్టూ చెట్లు ఒడ్డు దాటి నీళ్ళలోకి దిగి, వేళ్ళ మీద నిలబడి ఉన్నాయి. అల లేదు, గాలి లేదు. ఆకు రాలినా పడిన చోటే ఉండిపోతోంది. దూరంగా చెట్ల మధ్య సన్నటి సందు ఉంది. అదే మూతి. ఆ సందులోంచి సముద్రం హోరు వినపడాలి. వినపడటం లేదు. ఇంత నిశ్శబ్దంలో బాబాయి అరిచి ఉంటే ఎవరికైనా వినపడి ఉండేది. అరిచే వీలే దొరకలేదన్నమాట.

జెట్టీ మీద ఇద్దరు ఎదురొచ్చారు. నెమలికి ఆ పేరు పెట్టినవాళ్ళకి మాత్రం కళ్ళున్నాయి. నీలం రంగు ఈత దుస్తుల మీద పల్చటి తెల్ల చొక్కా, జారిపోతున్న జుట్టు, నడిస్తే జెట్టీ చెక్కలు కూడా చప్పుడు చెయ్యడం మానేసేలా ఉంది. నత్తని పైనుంచి కిందికి చూసి, పెదవి చివర నవ్వింది.

"ఇక్కడ చేపలు పడతాయా అండీ?" అన్నాడు నత్త అమాయకంగా.

"ఓపిక ఉన్నవాళ్ళకి పడతాయి," అంది నెమలి. కోడ్ సరిపోయింది. బాబాయికీ ఇలాగే సరిపోయి ఉంటుంది అనుకున్నాడు నత్త, నవ్వుతూనే.

కెప్టెన్ తలంతా నెరిసిన, కొలిచి కత్తిరించినట్టున్న మనిషి. చెయ్యి కలిపితే ఆ మణికట్టు ఇటూ అటూ వంగలేదు. గడ్డపారతో కరచాలనం చేసినట్టుంది.

"పాత గాయం," అన్నాడు కెప్టెన్, నత్త మొహం చూసి. "లోపల స్టీలు ప్లేటు. మేడమ్‌ని కంటికి రెప్పలా చూసుకుంటాను. మీరు హాయిగా తిని పడుకోండి."

ఆ మధ్యాహ్నం ప్రాక్టీసు. నెమలి నడుము లోతు నీళ్ళలో నిలబడి అక్కకి నేర్పింది. "బోల్తా పడగానే ఏం చెయ్యాలి మేడమ్?" "పట్టీ." "మళ్ళీ చెప్పండి." "పట్టీ." "కంగారుపడకూడదు. చెయ్యి ముందు అక్కడికే పోవాలి." నత్త జెట్టీ కింది ఇనప స్తంభాన్ని కావలించుకుని, నీళ్ళంటే హడలిపోయే తమ్ముడి వేషం రక్తి కట్టిస్తున్నాడు. దాని ఫలితం, నెమలి తెడ్డు వెయ్యడం దగ్గర్నుంచి చూసే అవకాశం పోయింది. కెప్టెన్ ఒడ్డునే కూర్చుని సిగరెట్ కాల్చుకున్నాడు.

అక్క చిన్న పెట్టెకి తగిలించిన హెడ్‌ఫోన్ తమ్ముడి చెవులకి పెట్టింది. "చిన్న చెవి ఇది, పరీక్షకి. విను." నీళ్ళ కింద లోకం గలగలమంటోంది. పీత నడక, రొయ్య చిటిక, ఎక్కడో వేరుని చేప గీరడం. అక్క జెట్టీ స్తంభాన్ని గోటితో తట్టింది. నత్త అదిరిపడ్డాడు.

"ఇనుము మీద తడితే నీళ్ళలో మైలు దూరం పోతుంది. అసలు చెవి దగ్గరైతే పిడుగు పడ్డట్టే," అంది గర్వంగా.

సాయంకాలం అక్క గదిలో పని చేసుకుంటుంటే నత్త అడవి దారిన మూతి వైపు వెళ్ళాడు. చెట్ల సందులోంచి చూస్తే నెమలి ఒంటరిగా కయాక్‌లో కూర్చుని, చిన్న పౌడరు అద్దం తీసి లిప్‌స్టిక్ సరిచేసుకుంటోంది. అద్దం మీద ఎండ పడి తళుక్కుమంది. ఆగి మళ్ళీ తళుక్కుమంది. సముద్రం మీద, కనుచూపు మేర చివర, ఒక చేపల పడవ నుంచి జవాబుగా మరో తళుకు వచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర నత్త ఇంకోటి గమనించాడు. నెమలి చెంచా ఎడమ చేత్తో పట్టుకుంది. నీళ్ళ గ్లాసూ ఎడమ చేత్తోనే. కెప్టెన్ అన్నీ కుడి చేత్తోనే. నత్త ఇక పళ్ళెంలోకి చూసుకోలేకపోయాడు. ఎదురుగా అక్క, ఆ పిల్ల చెప్పిన జోకుకి పకపకా నవ్వుతోంది.

*

తెల్లవారింది. మడుగు మీద పొగమంచు విడిపోతోంది.

ఏర్పాటు ఇదీ: మూతి దగ్గర, అడుగుకి తాడుతో కట్టిన తేలుడు పీపా ఒకటుంది, బోయా అంటారు. దాని మీద పెట్టె ఉంటుంది. అక్క అక్కడికి వెళ్ళి, హెడ్‌ఫోన్‌తో విని సరిచూసుకుని, స్విచ్ వేస్తే చెవి మేలుకుని నేవీకి వినిపిస్తుంది. తోడు నెమలి, కెప్టెన్. మిగతావాళ్ళు జెట్టీ దగ్గర కదలకుండా ఉండాలి, ఎవరూ నీళ్ళు కదపకూడదు.

"మీతో ఒక్క నిమిషం," అన్నాడు నత్త నెమలితో, పడవల షెడ్డు తలుపు దగ్గర నిలబడి.

ఆమె లోపలికొచ్చింది. బేడీ ఒక కడియం ఆమె ఎడమ చేతికి, రెండోది తెడ్లు పెట్టే ఇనప స్టాండుకి పడింది. నెమలి అరవలేదు. కళ్ళు మాత్రం చిన్నవయ్యాయి.

"తప్పు చేస్తున్నావ్," అంది.

"అందరూ అదే అంటారు." నత్త తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చాడు. "ట్రైనర్‌కి ఒంట్లో బాగాలేదట అక్కా. కెప్టెన్ గారు తోడుంటే చాలదూ?"

"నేనున్నాగా," అన్నాడు కెప్టెన్. ఆటబొమ్మ ఎక్కక తప్పదన్నట్టు నిట్టూర్చి, అక్క కయాక్ మీదికి వంగి, "ఉండండి మేడమ్, నేను బిగిస్తాను," అని స్కర్ట్ అంచు చుట్టూ సరిచేశాడు. అక్క తమ్ముడి వైపు చెయ్యూపింది. "జాగ్రత్తరా, నీళ్ళలో పడకు!"

రెండు కయాక్‌లూ మంచులోకి జారిపోయాయి. నత్త మనసు తేలికపడింది. అంత తేలికపడటమే అతను చేసిన పొరపాటు.

షెడ్డులోకి వచ్చి, నెమలి ఎదురుగా పీపా మీద కూర్చున్నాడు. "అద్దం సంగతి చెప్పు."

"అది నా పని. పని పూర్తయిందా లేదా అని వలయం వాళ్ళకి చెప్పాలి. నిన్న 'ఇంకా లేదు' అని చెప్పాను. పని ఎవరు చేస్తారో నాకు చెప్పలేదు, వాళ్ళలో ఒకరికొకరు తెలియదు. ఇవన్నీ నేను చెప్పుకునేది బాబాయికే. ఆయన పోయాక ఎవరికి చెప్పను?" "నాకు తెడ్డు పట్టడం నేర్పింది కూడా ఆయనే. ఇదే మడుగులో, ఇంత పిల్లప్పుడు."

"ఎడమ చేతివాటం నీది."

"అన్నం తినే చెయ్యి చూశావా? తెడ్డు వేసే చెయ్యి చూడాలని చెప్పలేదా నీకు బాబాయి? నా తెడ్డు అదిగో. పసుపు గుడ్డ కట్టింది. చూడు!"

నత్త స్టాండులోంచి దాన్ని తీశాడు. రెండు రేకులూ ఒకే వరసలో చదునుగా ఉన్నాయి. బొత్తాం నొక్కాడు. కదల్లేదు. గట్టిగా నొక్కాడు. ఏళ్ళ తరబడి పట్టిన ఉప్పు, తుప్పు, బొత్తాన్ని ఆ వరసలోనే బిగదీసేశాయి. ఈ తెడ్డు ఎన్నడూ తిరగలేదు. ఈ పిల్ల మణికట్టు ఎన్నడూ మడవలేదు.

నత్త పప్పులో కాలేశాడు. అక్కని కూడా అందులోకి దింపాడు.

ఒక్క అంగలో జెట్టీ మీదున్నాడు. మెడలోని బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించాడు. మంచు తెరిపి ఇచ్చింది. మూతి దగ్గర కెప్టెన్ తెడ్డు వేస్తున్నాడు. కుడి మణికట్టు కర్రలా బిగుసుకుని ఉంది. స్టీలు ప్లేటు మడవనిస్తేగా? తెడ్డు వేసిన ప్రతిసారీ మడుస్తున్నది ఎడమది. ముప్పయ్యేళ్ళ సముద్రపు అలవాటు, గాలి లేని చోట కూడా వదల్లేదు. అక్క అప్పటికే బోయాకి తాడు వేసి, పెట్టె తెరిచి, హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కెప్టెన్ ఆమె పక్కకి, సాయం పట్టుకుంటున్నట్టు, మెల్లగా చేరుతున్నాడు.

అక్క పట్టీ లోపలుంది. బిగించింది ఆ చేతులే. పంపించింది తనే.

అరిస్తే? ఆమె చెవులు మూసి ఉన్నాయి, వినేది కెప్టెనే. వెళ్తే? సగం దారిలోనే అంతా అయిపోతుంది. బయటి చప్పుడేదీ అక్కకి వినపడదు. నీళ్ళ కింది చప్పుడు తప్ప.

షెడ్డులోకి దూకి బేడీ తాళం తీశాడు. "పడవ తియ్యి!" అని నెమలికి చెప్పి, బేడీలు పట్టుకుని జెట్టీ మీద బోర్లా పడి, చెయ్యి భుజం దాకా నీళ్ళలో పెట్టాడు. ఇనప స్తంభం. ఇనప కడియం.

గబగబా రెండు. ఆగి ఒకటి.

మళ్ళీ. గబగబా రెండు. ఆగి ఒకటి.

బైనాక్యులర్స్‌లో అక్క తల ఉలిక్కిపడి లేచింది. తిరిగి చూడలేదు. చిన్నప్పుడూ అంతే, గోడ తట్టగానే తల తిప్పేది కాదు, పుస్తకం మార్చేది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఆ చెయ్యి ఒళ్ళోకి దిగింది. భుజాలు పైకి లేచాయి, గుండెల నిండా గాలి పీల్చినట్టు.

కెప్టెన్ తెడ్డు ఆమె పడవ అడుగుకి దూరింది. పడవ తిరగబడింది.

నత్త అప్పటికే నీళ్ళ మీదున్నాడు. ఎలా ఎక్కాడో, ఎప్పుడు బిగించుకున్నాడో తెలియదు. జీవితంలో మొదటిసారి ఆ పేరుకి తగని వేగంతో పోతున్నాడు. ఎదురుగా నల్లటి పడవ అడుగు, బోర్లా, కదలకుండా ఉంది. అమ్మకి ఏం చెప్పాలి? అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. అమ్మకి ఏం చెప్పాలి?

"మీ అక్క!" కెప్టెన్ కేక పెట్టాడు. మొహంలో కంగారు ఎంత చక్కగా కుదిరిందంటే, నిన్నటి నత్త అయితే నమ్మేవాడు. "బోల్తా పడింది! ఇటు రండి, నా పక్కకి రండి!"

నత్త వెళ్ళాడు. పక్కకే వెళ్ళాడు. పట్టుకుంటున్నట్టే కెప్టెన్ తెడ్డు తన పడవ అడుగుకి దూరడం తెలిసింది. ఆపలేదు.

లోకం తలకిందులైంది. చల్లటి ఆకుపచ్చ చీకటి. ముక్కులోకి ఉప్పు. నీళ్ళ కింద తొందరపడేవాడు చస్తాడని బాబాయి చెప్పేవాడు. నత్త తొందరపడలేదు. కళ్ళు తెరిచి చూశాడు. బోయా వెనక, నీళ్ళలో, రెండు పాదాలు ఆడుతున్నాయి. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు.

అక్క.

అంత ఆనందం నీళ్ళ కింద, ఊపిరి లేకుండా, ఏ మనిషికీ కలిగి ఉండదు. నత్త తన పట్టీ లాగాడు. బయటే ఉంది. జారి బయటికొచ్చి, పైన నీడలా కనపడుతున్న కెప్టెన్ పడవని కింది నుంచి రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. అది ఒరిగింది, తిరగబడింది. కెప్టెన్ చెయ్యి పట్టీ కోసం తడుముకుంది. కెప్టెన్ జాగ్రత్తపరుడు, పట్టీ బయటే పెట్టుకున్నాడు. కానీ దాన్ని నత్త ముందే గుప్పెట్లో పట్టుకుని ఉన్నాడు. వంగని మణికట్టు ఆ గుప్పెట విప్పలేకపోయింది.

బాబాయి ఇలాగే వెతుక్కుని ఉంటాడు. నత్త వేళ్ళు ఇంకొంచెం బిగుసుకున్నాయి. ఆ క్షణం వదలబుద్ధి కాలేదు. తర్వాత పెనుగులాట నీరసించాక, అతనే పట్టీ లాగి కెప్టెన్‌ని జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు.

నెమలి పక్కనే ఉంది. నత్త జేబులోంచి బేడీలు తీసుకుని, దగ్గుతూ కక్కుతున్న కెప్టెన్ చేతుల్ని బోయా కడ్డీకి బిగించింది. "ఇందాక నా చేతికి కాస్త వదులయ్యాయిలే. నీకు సరిగ్గా సరిపోయాయి," అంది.

బోయా వెనక నుంచి తల ఒకటి బయటికొచ్చింది. జుట్టంతా మొహం మీద, నోట్లో స్క్రూడ్రైవర్.

"పట్టీ దొరకలేదురా," అంది అక్క, స్క్రూడ్రైవర్ తీసి. "దీన్ని అంచు కింద దూర్చి ఎత్తాను. నువ్వు తట్టావు కాబట్టి ఊపిరి బిగబట్టాను. లేకపోతే..." మాట పూర్తి కాలేదు. తమ్ముడి మెడ చుట్టూ చెయ్యి వేసి, నీళ్ళలోనే వాడి తలకి తల ఆనించింది. ఇద్దరూ వణుకుతున్నారు. చన్నీళ్ళ వల్ల అని ఎవరికి వారు అనుకున్నారు.

"మేడమ్," అంది నెమలి. "ఆటు మొదలవబోతోంది. నీళ్ళు తీస్తే సబ్‌మెరైన్ ఇక లోపలికి రాదు, వెనక్కి పోతుంది. వాళ్ళు నా అద్దం కోసం చూస్తున్నారు. ఏం చెప్పమంటారు?"

అక్క బోయా ఎక్కి కూర్చుంది. హెడ్‌ఫోన్ దులిపి చెవులకి పెట్టుకుంది. తీగలన్నీ మళ్ళీ సరిచూసింది. "పని పూర్తయిందని చెప్పు. ఇంజనీరు చచ్చిందని చెప్పు."

నెమలి పౌడరు అద్దం తీసింది. ముందు పెదవులు చూసుకుంది, అలవాటు ఎక్కడికి పోతుంది! ఆ తర్వాత ఎండని పట్టి సముద్రం మీదికి విసిరింది. దూరపు చేపల పడవ నుంచి జవాబు తళుక్కుమంది.

మడుగు మళ్ళీ పైకి ఏమీ ఎరగనట్టు పడుకుంది. బోయా కింద తాడు మెల్లగా బిగుసుకోవడం మానేసింది. పోటు ఆగింది. ఇక ఏ క్షణమైనా నీళ్ళు వెనక్కి తిరుగుతాయి.

అక్క కళ్ళు మూసుకుంది. "వస్తోంది," అంది గుసగుసగా. "ఎవరో పెద్ద తిరగలి తిప్పుతున్నట్టుంది. దగ్గరికి... ఇంకా దగ్గరికి... మూతి దాటి లోపలికొచ్చింది."

తాడు రెండో వైపుకి వాలడం మొదలైంది. అక్క స్విచ్ వేసింది.

చెవి మేలుకుంది. కాసేపటికి కనుచూపు మేర చివర నుంచి నేవీ పడవల హోరు వినపడింది. వెనక్కి పోవడానికి సబ్‌మెరైన్ కింద నీళ్ళు చాలలేదు.

*

జెట్టీ మీద ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని కూర్చుని కాఫీ తాగుతున్నారు. పెద్దాయన ఫోన్ చేసి "బాగా చేశావ్" అనలేదు. "పట్టీ బయటుందా?" అని అడిగి పెట్టేశాడు. మత్తు సూది పెన్ను తడిసిపోయి కాఫీ కప్పు పక్కన సిరా కక్కుతోంది.

అక్క తమ్ముణ్ణి చూస్తోంది. పెన్నుని చూసింది. నెమలిని చూసింది. మళ్ళీ తమ్ముణ్ణి చూసింది.

"ట్రావెల్ కంపెనీ," అంది.

నత్త పెన్ను తీసి దుప్పటి కింద దాచాడు.

"లెక్కల పుస్తకంలో పెట్టుకుని డిటెక్టివ్ నవలలన్నీ నమిలి మింగింది నేను. ఒక్క పేజీ తిప్పిన పాపాన పోలేదు నువ్వు. ఎండలో వరండాలో కూర్చుని గోడకి కాపలా కాసేవాడివి. ఈ ఉద్యోగం నాకివ్వకుండా నీకెలా ఇచ్చార్రా?"

నత్త కప్పులో మిగిలిన కాఫీ తాపీగా, చప్పుడు లేకుండా తాగాడు.

"వాళ్ళకి చదివేవాళ్ళు అక్కర్లేదటక్కా. కాపలా కాసేవాడు కావాలన్నారు."